తాలీంఖానా నుంచి కార్ఖానా గేటు దాకా

మా సంఘం సంచికకు ఏటా ఒక చరిత్ర వ్యాసం రాసివ్వడం మాకు అలవాటయింది. సాధారణంగా విషయాన్ని మేమే ఎంచుకుంటాము. ఈ ఏడు మాత్రం కార్యవర్గం వారే విషయం కూడా చెప్పి పంపించారు. "మాస్టర్ సాబ్, కసరత్తు ఎరుగని మామూలు మనిషి తనను తాను కాపాడుకునే విద్య మన దేశంలో ఎట్లా నడిచింది, అది రాయండి" అన్నారు. ఉర్దూ మీడియం బడిలో చాక్‌పీసు పట్టుకొని ఇరవై ఏండ్లు గడిపిన మాకూ, కుస్తీకీ, కర్రసాముకూ ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చును. సంబంధం కార్యవర్గ సమావేశంలోనే మొదలయింది గనుక ముందు ఆ సంగతి చెప్పక తప్పదు.

ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర దిగి బస్తీకి నడిచి వెళ్ళే మా సంఘం సోదరి ఒకామె ఉన్నది. ఒక కార్ఖానాలో ప్యాకింగ్ పని. రెండో షిఫ్టు ముగించుకొని వస్తుంటే దారిలో ఒకడు చెయ్యి పట్టి గుంజినాడు. ఎదురుగా లారీ లైటు పడేసరికి వదిలిపెట్టి పోయినాడు గాని, ఆమె మాతో చెప్పిన మాట వేరు. "సార్, వాడు చెయ్యి పట్టినందుకు కాదు, నా గొంతు లేవలేదు, అదే నాకు సిగ్గయితున్నది" అన్నది. ఆమె కూతురికి సర్కారు బడిలో మూడు నెలలు కరాటే నేర్పినారు. "పిల్లకు నేర్పినారు, బాగానే ఉన్నది. రాత్రిపూట రోడ్డు మీద నడిచేది నేను గదా, నాకెవరు నేర్పుతారు? నాకు నలభై రెండేండ్లు, మోకాళ్ళ నొప్పులు" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆదివారాలు సంఘం హాలులో పెద్దవాళ్ళకు, ముఖ్యంగా షిఫ్టు పనులకు పోయే ఆడవాళ్ళకు, రెండు గంటలు ఆత్మరక్షణ నేర్పిద్దామని సమావేశంలో ప్రతిపాదించాము. కర్రతో కొన్ని పట్లు కూడా ఉంటాయని చెప్పినాము. అప్పుడు సభ్యులందరిలోకి పెద్దవారు, ఎనభై దాటిన బుజుర్గ్ ఒకరు లేచి నిలబడ్డారు. "వద్దు బేటా. కర్ర పట్టిన ముసల్మాన్‌ను చూస్తే ఊరికి ఏం యాదికొస్తదో మీకు తెల్వదు. నాకు తెలుసు" అని కూర్చున్నారు. సమావేశం అక్కడితో ముగిసింది. ఆ ఒక్క మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ వ్యాసం ఆయనకు జవాబు కాదు. ఆయన మాటలో ఉన్న చరిత్ర ఎంత, భయం ఎంత అని మాకు మేము తేల్చుకోవడానికి చేసిన ప్రయత్నం.

మొదట పేరు దగ్గర మొదలుపెడదాము. తెలుగువారు దండేలు తీసే చోటును 'గరిడీ' అన్నారు, 'తాలింఖానా' అని కూడా అన్నారు. ఈ రెండో మాట తెలంగాణలోనే కాదు, కోస్తా జిల్లాల్లో సైతం వాడుకలో ఉన్నది. తాలీం అంటే విద్య, ఖానా అంటే ఇల్లు. నిజానికి మా బడిని తాలీంఖానా అనాలి. కాని దక్కనులో ఈ మాట పుస్తకాలున్న గదికి అంటుకోలేదు, మెత్తటి మట్టి పోసిన గుంటకు అంటుకున్నది. మరాఠీవారు కూడా కుస్తీ నేర్చే చోటును తాలీం అనే అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఒక చదువు మాట ఇట్లా మల్లయుద్ధానికి పేరు కావడం మాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఒంటిని అదుపులో పెట్టుకోవడం కూడా చదువేనని ఆ కాలపు జనం అనుకున్నారు కాబోలు.

తాలీంఖానాలో ఒక ఉస్తాద్, కొందరు షాగిర్దులు ఉండేవారు. దండేలు, బస్కీలు, ముద్గరాలు, కుస్తీ, కర్రసాము, కత్తిసాము నేర్పేవారు. నేర్చిన విద్యను నలుగురిలో చూపించే సందర్భం మొహర్రం ఊరేగింపు, మన పల్లెల మాటలో పీర్ల పండుగ. అలావా చుట్టూ ఆడేవాళ్ళలో, పీర్ల ముందు కర్ర తిప్పేవాళ్ళలో సగానికి పైగా హిందువులే ఉండేవారని మెదక్ జిల్లా పల్లెలు తెలిసిన వారెవరైనా చెబుతారు. మా తాతగారి ఊరిలో పీరును ఎత్తుకునేది ఒక గొల్ల కుటుంబం. కర్ర తిప్పడానికి మతం అడిగిన రోజులు కావు అవి.

అయితే ఇవన్నీ వయసులో ఉన్న కుర్రవాళ్ళ విద్యలు గదా, మరి బక్కపలచటి గుమాస్తాకు, నడివయసు దుకాణదారుకు ఏమున్నది అని అడగవచ్చును. వారి కోసమూ ఒక విద్య ఉండేది. దాని పేరు బినౌట్. హైదరాబాద్ కొలువులో కొంతకాలం పనిచేసిన ప్రసిద్ధ ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ (1860–1926) పాత లక్నో జీవితం గురించి రాసిన వ్యాసాలలో అక్కడి సాము విద్యలను ఒక్కొక్కటిగా వర్ణించారు. వాటిలో బినౌట్ ఒకటి. ఎదుటివాడిని చంపడం దీని ఉద్దేశం కాదు. వాడి చేతిలోని కత్తినో కర్రనో కింద పడగొట్టి, వాడిని పనికిరాకుండా చేయడం మాత్రమే. ఆయుధమేమిటంటే ఒక చిన్న కర్ర, లేదా మూలకు పైసా కట్టిన రుమాలు. మన భాషలో చెప్పాలంటే దస్తీ! జేబులో దస్తీ లేని పెద్దమనిషి ఆ రోజుల్లో ఉండడు, కాబట్టి ఆయుధం లేని పెద్దమనిషి కూడా ఉండడన్న మాట. బలం తక్కువైన చోట ఒడుపు పనిచేస్తుందని చెప్పే ఈ విద్య గురించి మా తరం ఉర్దూ పంతుళ్ళలో ఎంతమందికి తెలుసు? మాకే ఈ వ్యాసం పూనుకున్నాక తెలిసింది.

ఇక బుజుర్గ్‌గారికి యాదికొచ్చిన కాలానికి వద్దాము. ఇక్కడ కలం కొంచెం బరువుగా నడుస్తుంది.

1930ల నాటికి హైదరాబాద్ రాజ్యంలో కసరత్తు కసరత్తుగా మిగలలేదు. ఒకవైపు ఆర్యసమాజం వారి వ్యాయామశాలలు, మరొకవైపు మన వాళ్ళ తాలీంఖానాలు. ఒకరు దండేలు తీస్తే ఇంకొకరు లెక్కపెట్టుకునే రోజులు వచ్చినాయి. ఆత్మరక్షణ అన్నమాటను అందరూ వాడినారు. ఎవరి నుంచి రక్షణ అన్నప్పుడు పక్కింటివైపే వేలు చూపించినారు. ఆ వాతావరణంలో పెరిగిందే రజాకార్ దళం. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు అని అర్థం, మాటలో తప్పు లేదు. 1946లో లాతూరుకు చెందిన ఖాసిం రజ్వీ చేతికి మజ్లిస్ నాయకత్వం వచ్చిన తరువాత ఆ కవాతులు కాపాడుకోవడానికి కాకుండా భయపెట్టడానికి మారిపోయినాయి. ఊళ్ళు తగలబడినాయి. ఈ పనిని తప్పని రాసిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో నరికినారు. ఆయన కూడా మనవాడే, ఉర్దూలో రాసినవాడే. మన సభల్లో ఆయన పేరు తలచుకోవడం అరుదు, అది మన లోపం.

ఆత్మరక్షణ అంటే ఏమిటో నేర్పిన వాళ్ళు ఆ రోజుల్లో ఎదుటి పక్షాన ఉన్నారు. దొరల జులుం మీద లేచిన తెలంగాణ రైతులు, కూలీలు ఎవరూ పహిల్వాన్లు కారు. వారి చేతిలో ఉన్నది పొలానికి పోయేటప్పుడు పట్టుకునే గుత్ప. అందుకే జనం సంఘాన్ని గుత్పల సంఘం అన్నారు. పిట్టలను తోలే వడిసెలతో రాళ్ళు విసిరినారు. ఆడవాళ్ళు రోకలిబండలు, కారప్పొడి సిద్ధం చేసుకున్నారు. ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది. ఆ స్త్రీల మాటలను వారి నోటనే సేకరించి స్త్రీశక్తి సంఘటన వారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా వేశారు. ఆయుధం పట్టిన కథలకంటే ఇంటిని, పిల్లలను, ఊరిని ఎట్లా కాచుకున్నారన్నదే అందులో మా మనసుకు ఎక్కువగా పట్టింది.

నేటి సిద్దిపేట జిల్లాలో భైరాన్‌పల్లి ఉన్నది. ఆ ఊరి నడుమ పాత బురుజు ఇప్పటికీ ఉన్నది. రజాకార్ల దాడులు మొదలైనప్పుడు ఊరివాళ్ళు గ్రామరక్షక దళం కట్టుకున్నారు. బురుజు మీద కాపలా పెట్టినారు. దూరాన దుమ్ము కనిపిస్తే పైనుంచి నగారా మోగుతుంది. నగారా వినగానే ముసలివాళ్ళు, పిల్లలు ఎక్కడికి చేరాలి, వడిసెల పట్టేవాళ్ళు ఎక్కడ నిలబడాలి, అంతా ముందే అనుకున్న ఏర్పాటు. ఒకటికి మించి సార్లు దాడికి వచ్చినవాళ్ళను ఆ పల్లె తిప్పి పంపించింది. చివరకు 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలతో, ఫిరంగితో వచ్చినారు. ఫిరంగి ముందు వడిసెల ఏం చేస్తుంది? వందకు అటూ ఇటూగా మనుషులను ఆ ఒక్క రోజున చంపినారు.

ఈ ఊరి పేరు మన సంచికలో రాయాలా అని ఒక మిత్రుడు సందేహించాడు. రాయాలనే అనుకున్నాము. ఎందుకంటే ఆ నగారా దగ్గర ఒక పాఠం ఉన్నది. ఆ పల్లె మొదటి ఆయుధం రాయి కాదు, చప్పుడు. ఆపద వస్తున్నదని పదిమందికి తెలియజేయడం. రాత్రి ఇస్నాపూర్ దారిలో మా సోదరికి లేకపోయింది అదే గదా!

కథ అక్కడ ఆగలేదు. భైరాన్‌పల్లి తరువాత మూడు వారాలు కూడా గడవకముందే, సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17 నాటికి నిజాం లొంగిపోయినాడు. రజాకార్ల పాపం ఆ తరువాత కర్ర ముట్టని సామాన్య ముస్లింల మీద పడింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను కేంద్ర ప్రభుత్వమే పంపించగా, వారు ఆ ఏడు నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. చనిపోయిన వారు తక్కువలో తక్కువ లెక్కకు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని వారి అంచనా. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది, కాని మన మెదక్ పేరు కూడా అందులో ఉన్నది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని దాచి కాపాడిన హిందువుల సంగతీ అందులో ఉన్నది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బీరువాలోనే ఉండి, 2013 ప్రాంతంలో గాని అందరికీ చదవడానికి దొరకలేదు.

మా బుజుర్గ్‌గారు అప్పటికి ఏడెనిమిదేండ్ల పిల్లవాడు. వాళ్ళ నాన్నగారు ఇంట్లో ఉన్న రెండు వెదురు కర్రలను, ఒక పాత ముద్గరాన్ని పొయ్యిలో పెట్టినారట. "ఆ రోజు అన్నం ఆ కట్టెల మీదనే ఉడికింది" అని ఆయన తరువాత మాకు ఒంటరిగా చెప్పారు. ఎన్ని ఇళ్ళలో తాలీం ఇట్లా పొయ్యిలోకి పోయిందో! ఒక తరం తన కొడుకులకు నేర్పిన ఆత్మరక్షణ ఒక్కటే: తలవంచుకొని నడువు, మాట రాకుండా చూసుకో. మా సోదరి గొంతు లేవకపోవడానికి మూలం అక్కడ కూడా కొంత ఉన్నదేమో అని మాకు అనిపిస్తుంది. ఇది మా ఊహ మాత్రమే.

ప్రపంచంలో మిగతా చోట్ల ఈ విద్య మామూలు మనుషులకు, అందునా ఆడవాళ్ళకు ఎట్లా చేరిందో క్లుప్తంగా చెబుతాము. లండన్‌లో ఎడిత్ గారడ్ అనే ఆమె ఉండేది. ఎత్తు అయిదు అడుగులకు లోపే. జపాను వారి జుజుత్సు నేర్చుకొని, ఓటు హక్కు కోసం పోరాడే స్త్రీలకు నేర్పింది. 1913లో తమ నాయకురాళ్ళను పోలీసులు పట్టుకుపోకుండా అడ్డుపడే అంగరక్షక దళానికి ఆమెయే గురువు. మన దేశంలో రవీంద్రనాథ్ ఠాకూర్ 1929లో తకగాకి అనే జపాను జూడో గురువును శాంతినికేతన్‌కు పిలిపించి, ఆడపిల్లలకు కూడా నేర్పించారు. కవిగారికి ఇదేం పని అని అప్పుడు కొందరు ముక్కున వేలేసుకొని ఉంటారు. ఉహుద్ యుద్ధంలో గాయపడినవారికి నీళ్ళు అందించడానికి వచ్చిన నుసైబా బిన్తె కఅబ్, ఆపద మీదికి వచ్చినప్పుడు తోలుతిత్తి కింద పెట్టి కత్తి అందుకున్న సంగతి మన ఇళ్ళలో తెలియనివారు లేరు. తెలిసి కూడా "ఆడవాళ్ళకెందుకు" అని అడిగేవారిని ఏమనాలి?

ఈ విద్య నిజంగా పనిచేస్తుందా, ఊరికే ధైర్యం కోసమా అన్న ప్రశ్నకు కూడా ఒక లెక్క ఉన్నది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు 900 మంది విద్యార్థినులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మొత్తం 12 గంటల శిక్షణ ఇచ్చారు. 2015లో ఫలితాలు వేశారు. ఏడాది లోపల అత్యాచారానికి గురైనవారు శిక్షణ లేనివారిలో సుమారు నూటికి పదిమంది అయితే, శిక్షణ పొందినవారిలో అయిదుగురు. పన్నెండు గంటలు అంటే ఆరు ఆదివారాలు! ఆ శిక్షణలో దెబ్బలాట కొంతే. ఆపదను ముందుగా గుర్తుపట్టడం, తెలిసినవాడే అయినా గట్టిగా వద్దనడం ఎక్కువ భాగం.

మన ప్రాంతం సంగతి వేరు అనుకోవడానికి లేదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, 1970ల నడుమ నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆపైన బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం. ఎడ్లబండి బాట మీద లారీలు నడిచినాయి. బీహారు, ఒడిశా, మహారాష్ట్రల నుంచి జనం వచ్చినారు. వచ్చినవాళ్ళు దొంగలని మా భావం కాదు, మన తాతలు కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. చెప్పవచ్చేదేమంటే, పాత పల్లెలో కేక వేస్తే ఎవరి గొంతో పదిమంది గుర్తుపట్టేవారు. ఈ వాడలో ఒక గదిలో ఉండేవారి పేరు పక్క గదివారికి తెలియదు. నగారా మోగించడానికి బురుజు లేదు. 2014 అక్టోబర్‌లో పోలీసువారు షీ టీములు పెట్టినారు, మంచిదే. కొత్త కార్మిక చట్టాలు స్త్రీలను వారి సమ్మతితో, భద్రత షరతులతో రాత్రి పనికి అనుమతించినాయి. కాని ఆ షరతులు కార్ఖానా గేటు దగ్గరో, బస్సు దిగేచోటో ఆగుతాయి. అక్కడినుంచి ఇల్లు దాకా నడక ఆమెదే.

చట్టం సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ళకు దెబ్బ కన్నా కేసంటే భయం ఎక్కువ. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లే, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. తన ఒంటినీ, ఇతరుల ఒంటినీ, ఆస్తినీ కాపాడుకునే హక్కు ప్రతివారికీ ఉన్నది. దానికి కొలత ఉన్నది: ఆపదకు ఎంత అవసరమో అంతే. వాడు పారిపోయినాక వెంటబడి కొట్టితే అది రక్షణ కాదు, నేరం. పోలీసును పిలిచే వ్యవధి ఉంటే పిలవాలి. ప్రాణాపాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి వాటిలో హక్కు మరింత దూరం పోతుంది. 1947లో ఎవరైనా ఆ కవాతు మైదానాల్లో ఈ కొలతను చదివి వినిపించి ఉంటే అని మాకు ఒక్కోసారి అనిపిస్తుంది. వినేవారు కారు, అది వేరే మాట.

సంఘం హాలు దొరకలేదు గనుక మేము, ఇద్దరు పంతుళ్ళు, ఒక లేత్ ఆపరేటరు, ఆయన భార్య, మా సోదరి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఒకరి ఇంటి మిద్దె మీద మొదలుపెట్టినాము. నేర్పేది పెద్ద వయసు ఉస్తాద్, మాట తక్కువ. మొదటి రోజు చెయ్యి ఎత్తనివ్వలేదు, అరవమన్నారు. ఇరవై ఏండ్లుగా పిల్లల మీద అరిచిన మా గొంతు కూడా ఆ రోజు పిల్లి కూతలా వచ్చింది! నాలుగో ఆదివారానికి గాని కింద వీధిలో కుక్కలు లేవలేదు. తరువాత ఎడం పాటించడం, వెనక్కి పడితే తల తగలకుండా పడడం. మణికట్టు పట్టుకున్నవాడి పట్టు బొటనవేలి దగ్గరే వదులుగా ఉంటుంది, అటువైపుకు తిప్పి గుంజాలి. ఇది చెబితే తేలిక, వంద సార్లు చేస్తే గాని చేతికి రాదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి కాలితో తన్నడం లేదు, మడమతో పాదం మీద తొక్కడమే. ఆడవాళ్ళకు చున్నీ మూలకు తాళాల గుత్తి కట్టి విసరడం నేర్పినారు. మేము "ఉస్తాద్, ఇది బినౌట్ గదా" అని అడిగితే ఆయన నవ్వి, పేరు తనకు తెలియదని, తన ఉస్తాద్ ఇట్లాగే చూపినాడని అన్నారు.

మా నడుము రెండుసార్లు పట్టేసింది. లేత్ ఆపరేటరు మూడు వారాలకే మానేశాడు, ఆయన భార్య మానలేదు.

మా సోదరి ఇప్పుడు ఒంటరిగా నడవదు. అదే షిఫ్టు నుంచి వచ్చే అయిదుగురిని జత చేసుకున్నది, అందులో ఇద్దరు ఒడిశావాళ్ళు, ఒకామె జహీరాబాద్ దగ్గరి దళిత సోదరి. చౌరస్తాలో దిగినాక ఒకరి కోసం ఒకరు ఆగుతారు. అందరి మెడలో ఈల ఉన్నది. ఉస్తాద్ చెప్పిన వాటిలో ఆమె రోజూ వాడేది ఇదొక్కటే.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు బుజుర్గ్‌గారి ఇంటికి పోయి మొత్తం చదివి వినిపించాము. భైరాన్‌పల్లి దగ్గర కళ్ళు మూసుకున్నారు. షోయబుల్లా ఖాన్ దగ్గర "హాఁ, ఆయనను రాసినవు, బాగుంది" అన్నారు. చివరకు హాలు సంగతి ఎత్తితే అవుననలేదు, కాదనలేదు. మెల్లగా లేచి, మూలకున్న తన చేతికర్ర అందుకొని, మా చేతిలో పెట్టి, "ఎట్ల పట్టుకుంటవో చూపు" అన్నారు. పట్టుకున్నాము. ఆయన మా బొటనవేలును ఒక అంగుళం కిందికి జరిపినారు.